మేకపిల్లకు మొదటి గంట
(అక్షర కేంద్రంలో చేసిన ప్రసంగం)

అక్కలారా, అమ్మలారా, పెద్దమ్మలారా!

పొద్దంతా పని చేసి, పొయ్యి మీద కూడు దించి, ఇక్కడిదాకా వచ్చారు. మీ టైము వృథా చెయ్యను. ఇవాళ మన ఇంటి ముందు గుంజకు కట్టేసి ఉన్న జీవం గురించి మాట్లాడుకుందాం. అదే మన మేక. మేక కంటే కూడా, మేక కడుపున పుట్టిన పిల్ల గురించి.

మేకల సంగతి మీకు నేను చెప్పాలా అని నవ్వుకుంటున్నారేమో. నిజమే. అడవిలో ఏ ఆకు మేక ఇష్టంగా తింటుందో, ఏ ఆకు తింటే కడుపు ఉబ్బుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. కానీ ఒక సంగతి అడుగుతాను. ఈనిన పిల్లలన్నీ బతుకుతున్నాయా?

పోయిన చలికాలంలో మీ వాడలో ఎన్ని పిల్లలు పుట్టాయి? అందులో ఎన్ని మిగిలాయి? వేళ్ళ మీద లెక్క పెట్టుకోండి. పుట్టిన వారం లోపల పోయినవే ఎక్కువ ఉంటాయి. "దాని రాత అంతే" అని ఊరుకుంటాం. రాత కాదు అక్కా. చాలా పిల్లలు చలికీ, ఆకలికీ, మురికికీ పోతాయి. ఈ మూడూ మన చేతిలో ఉన్నవే.

మేక మన బ్యాంకు

మన దేశంలో మేకలు ఎన్ని ఉన్నాయో తెలుసా? 2019 పశుగణనలో 14 కోట్ల 88 లక్షలని తేలింది. మన తెలంగాణలోనే దాదాపు 49 లక్షలు. వీటిలో ఎక్కువ భాగం పెద్ద ఆసాములవి కావు. రెండు మేకలు, నాలుగు మేకలు సాకుకునే మనలాంటి వాళ్ళవి.

భూమి పట్టా ఎవరి పేరున ఉన్నా, మేక మాత్రం ఆడదాని చేతిలో ఉంటుంది. పిల్లకు జ్వరం వస్తే మేకపోతు అమ్ముతాం. బడి తెరిచినప్పుడు అమ్ముతాం. పెళ్ళికి అమ్ముతాం. అందుకే మేకను పేదోళ్ళ బ్యాంకు అంటారు.

ఒక చిన్న లెక్క చూద్దాం. మేక ఐదు నెలలు చూడి మోస్తుంది. బాగా చూసుకుంటే రెండేళ్ళలో మూడు ఈతలు ఈనుతుంది. ఒక్కో ఈతకు ఒకటో రెండో పిల్లలు. రెండేళ్ళలో నాలుగు పిల్లలు అనుకుందాం. ఒక్కోటి పెరిగినాక ఆరు వేలకు అమ్మామనుకుందాం.

నాలుగూ బతికితే 24,000 రూపాయలు.
రెండే బతికితే 12,000 రూపాయలు.

తల్లి మేక అదే. మేత అదే. అడవిలో తిరిగిన మన కాళ్ళు అవే. తేడా ఎక్కడ వచ్చింది? పిల్ల పుట్టిన మొదటి రోజు వచ్చింది.

ఈనక ముందే మొదలు పెట్టాలి

పిల్ల బలం తల్లి కడుపులోనే తయారవుతుంది. ఆఖరి నెలన్నర రోజుల్లోనే కడుపులో పిల్ల బాగా పెరుగుతుంది. అప్పుడు తల్లికి అడవి మేత ఒక్కటే చాలదు. రోజూ పావుకిలో దాకా దాణా పెట్టాలి. జొన్న నూకలు, మొక్కజొన్న నూకలు, తవుడు, పప్పు పొట్టు, ఏది ఉంటే అది కలిపి పెట్టవచ్చు. కాస్త ఉప్పు కూడా వెయ్యాలి. ఒక్కసారే ఎక్కువ పెట్టకూడదు. కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి.

నెలలు నిండిన మేకను దూరం తోలవద్దు. వాగులు, గుట్టలు దాటించవద్దు. అడవిలో ఈనితే నక్కకో, కుక్కలకో పిల్ల దొరుకుతుంది.

ఎప్పుడు ఈనుతుందో తెలిసేది ఎట్లా? మీరు నేర్చుకున్న అక్షరం ఇక్కడే పనికొస్తుంది. మేక పోతుకు కట్టిన తేదీ రాసి పెట్టుకోండి. దానికి ఐదు నెలలు కలపండి. అందులోంచి మూడు రోజులు తీసెయ్యండి. మేక 150 రోజులు మోస్తుంది కాబట్టి ఈ లెక్క దగ్గరగా సరిపోతుంది. జూన్ 1న కట్టిందనుకోండి. ఐదు నెలలు కలిపితే నవంబరు 1. మూడు రోజులు తీసేస్తే అక్టోబరు 29. ఒక నాలుగైదు రోజులు అటూ ఇటూ కావచ్చు. ఆ వారమంతా మేకను ఇంటి దగ్గరే ఉంచండి.

పొదుగు నిండుతుంది. తోక పక్కల మెత్తబడి గుంటలు పడతాయి. మేక మందలోంచి పక్కకు పోతుంది, కాలితో నేల గీరుతుంది. అప్పుడు పొడిగడ్డి పరిచిన శుభ్రమైన చోట వదిలెయ్యండి. చుట్టూ గుమిగూడవద్దు. దాని పని అది చేసుకుంటుంది. నొప్పులు గట్టిగా వస్తూ గంట దాటినా పిల్ల రాకపోతే మాత్రం ఆగవద్దు. పశువుల డాక్టరును పిలవాలి.

మొదటి గంటలో మూడు పనులు

పిల్ల నేల మీద పడింది. ఇప్పటినుంచి ఒక గంట. ఈ గంటలో మూడు పనులు చెయ్యాలి.

మొదటి పని ఊపిరి. ముక్కు, నోటి మీద జిగురు ఉంటుంది. శుభ్రమైన గుడ్డతో తుడవాలి. తల్లి నాకుతుంది. నాకనివ్వండి. ఆ నాకుడుతోనే పిల్లకు నెత్తురు పారుతుంది, వెచ్చదనం వస్తుంది. తల్లీ పిల్లా ఒకరినొకరు వాసన పట్టేది కూడా అప్పుడే. తల్లి నాకకపోతే మనమే పొడి గోనెపట్టాతో గట్టిగా రుద్దాలి. పిల్లకు నీళ్ళు మాత్రం పొయ్యవద్దు. స్నానం చేయిస్తే చలికి పోతుంది.

రెండో పని బొడ్డు. బొడ్డుతాడు దానంతట అదే తెగుతుంది. పొడుగ్గా వేలాడుతుంటే పొట్టకు రెండు వేళ్ళ దూరంలో శుభ్రమైన దారంతో కట్టాలి. ఆ ముడి కింద కొత్త బ్లేడుతో కొయ్యాలి. కొడవలితో కొయ్యవద్దు. కోసిన చోట టింక్చర్ అయోడిన్ రాయాలి. మందుల షాపులో చిన్న సీసా దొరుకుతుంది. పేడ, బూడిద, మట్టి పెట్టవద్దు. బొడ్డు అంటే లోపలికి పోయే తలుపు. ఆ తలుపు గుండా మురికి పోతే నాలుగు రోజులకు బొడ్డు చీము పడుతుంది. కీళ్ళు వాస్తాయి. పిల్ల లేవలేదు.

మూడో పని పాలు. ఇదే అన్నిటికంటే ముఖ్యం.

ముర్రుపాలు పారబోయవద్దు

ఈనిన వెంటనే పొదుగులో పచ్చగా, చిక్కగా ఉండే పాలను ముర్రుపాలు అంటాం. జున్నుపాలు అని కూడా అంటాం. పిల్ల లేచి నిలబడగానే, అరగంటలో, ఎంత ఆలస్యమైనా గంట లోపల ఈ పాలు తాగాలి.

ఎందుకు? మనిషి బిడ్డకు తల్లి కడుపులో ఉండగానే కొంత రోగ రక్షణ అందుతుంది. మేకపిల్లకు అట్లా అందదు. మేక మాయలోంచి ఆ రక్షణ పిల్లకు దాటి రాదు. అంటే మేకపిల్ల ఒట్టి చేతులతో భూమ్మీద పడుతుంది. దానికి కావలసిన రక్షణ అంతా తల్లి ముర్రుపాలలో దాచి పెట్టి ఉంటుంది.

ఇంకో సంగతి ఉంది. పుట్టిన కొత్తలో పిల్ల పేగు ఆ రక్షణను ఉన్నది ఉన్నట్టుగా నెత్తురులోకి పీల్చుకుంటుంది. గంటలు గడిచేకొద్దీ ఆ శక్తి తగ్గుతూ పోతుంది. ఒక రోజు దాటితే దాదాపు మూసుకుపోతుంది. రేపు కడివెడు తాగించినా ఈ రోజు గుక్కెడుకు సాటి రాదు.

ముందు చన్ను కొసను రెండు మూడు ధారలు పిండి చూడండి. అక్కడ మైనం లాంటి బిరడా ఉంటుంది. పాలు రాక పిల్ల అలిసిపోతుంది. ధార వచ్చినాక పిల్ల నోటికి చన్ను అందించండి. తాగేటప్పుడు తోక ఆడిస్తుంటే పాలు అందుతున్నట్టే.

ఎంత తాగాలి? పిల్ల బరువులో పదో వంతు, మొదటి రోజు మొత్తం మీద. రెండు కిలోల పిల్లకు పావు లీటరుకు కొంచెం తక్కువ. నాలుగైదు సార్లుగా తాగాలి.

ఇప్పుడు ఒక అక్క అడుగుతుంది. "మాయ పడేదాకా పాలు తాగించగూడదని మా అత్త చెప్పింది గదా?" చాలా ఊళ్ళల్లో ఈ మాట ఉంది. కానీ జరిగేది దానికి ఎదురు. పిల్ల చన్ను చీకితేనే తల్లి గర్భసంచి ముడుచుకుంటుంది. అప్పుడే మాయ తొందరగా పడుతుంది. మాయ కోసం పిల్లను ఆపితే పిల్లకూ నష్టం, తల్లికీ నష్టం. సగం రోజు దాటినా మాయ పడకపోతే చేత్తో లాగవద్దు. బరువు కట్టవద్దు. డాక్టరుకు చూపించాలి.

"మరి జున్ను వండుకోకూడదా?" ఇదీ అడుగుతారు. పిల్ల కడుపు నిండినాక మిగిలితే వండుకోండి. ముందు వాటా పిల్లదే.

ఈ మాట మేకకే కాదు. మన బిడ్డలకూ ఇదే. కాన్పు అయిన గంటలోపే తల్లి ముర్రుపాలు బిడ్డకు పట్టాలి. తేనె, పంచదార నీళ్ళు నాకించవద్దు. మన బిడ్డకు కడుపులో కొంత రక్షణ అందినా, ముర్రుపాలు దానికి బలం చేకూరుస్తాయి.

ఇది ఒక్క మన ఊరి సంగతి కూడా కాదు. భూగోళానికి అవతలి పక్క పెరూ అనే దేశం ఉంది. అక్కడ ఎత్తయిన కొండల మీద, గడ్డకట్టే చలిలో, అల్పాకా అనే జీవాన్ని సాకుతారు. ఒంటెకు చుట్టం. గొర్రె లాగా ఒంటినిండా ఉన్ని ఉంటుంది. పదకొండు నెలలకు పైగా మోసి ఒకే పిల్లను ఈనుతుంది. ఎక్కువగా పగటి పూటే ఈనుతుంది. పొద్దుగూకేలోపు పిల్ల ఒళ్ళు ఆరాలి గదా! అక్కడి ఆడవాళ్ళు కూడా పిల్ల పడగానే ఒళ్ళు తుడుస్తారు, బొడ్డు చూస్తారు, మొదటి పాలు తాగిందా లేదా అని కనిపెడతారు. ఆ పిల్ల కూడా మన మేకపిల్ల లాగానే ఒట్టి చేతులతో పుడుతుంది. దేశం వేరు, భాష వేరు. పిల్ల ఆకలి ఒక్కటే.

చల్లబడ్డ పిల్ల

తెల్లారి లేచి చూస్తే పిల్ల మూలన పడి ఉంటుంది. మెడ వాల్చేస్తుంది. అప్పుడు వెంటనే నోట్లో పాలు పొయ్యకండి. మింగే శక్తి ఉండదు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది.

ముందు మీ వేలు దాని నోట్లో పెట్టి చూడండి. నోరు వెచ్చగా ఉంటే పర్వాలేదు. చల్లగా ఉంటే ముందు వెచ్చబరచాలి. పొడి గుడ్డలో చుట్టండి. సీసాలో వేడినీళ్ళు పోసి, మూత బిగించి, గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. మీ ఒళ్ళో పెట్టుకున్నా మంచిదే. పొయ్యి దగ్గర పడుకోబెడితే పొగ పట్టకుండా, నిప్పు రవ్వ పడకుండా చూడాలి. నోరు వెచ్చబడి, తల ఎత్తి, వేలు చీకడం మొదలు పెట్టినాక పాలు పట్టండి.

తల్లి లేని పిల్ల

ఒక్కోసారి తల్లి చస్తుంది. ఒక్కోసారి తొలిచూలు మేక పిల్లను దగ్గరికి రానివ్వదు. తన్నుతుంది. అట్లాంటి మేకను రోజూ నాలుగైదు సార్లు పట్టుకుని పిల్లను తాగించాలి. రెండు మూడు రోజులకు చాలా మేకలు ఒప్పుకుంటాయి.

తల్లే లేకపోతే అదే రోజు ఈనిన ఇంకో మేక ముర్రుపాలు పట్టండి. మేక లేకపోతే ఆవు ముర్రుపాలైనా పనికొస్తాయి. ముర్రుపాలను పొయ్యి మీద కాచవద్దు. విరిగిపోతాయి. గిన్నెను వేడినీళ్ళలో పెట్టి గోరువెచ్చ చెయ్యాలి.

ఆ తర్వాత మామూలు పాలు. మేకపాలు గానీ ఆవుపాలు గానీ కాచి, గోరువెచ్చగా చల్లార్చి, పాలసీసాతో పట్టాలి. నీళ్ళు కలపవద్దు. రెండు కిలోల పిల్లకు రోజుకు పావు లీటరు నుంచి మొదలు పెట్టి, పిల్ల పెరిగేకొద్దీ పెంచాలి. మొదటి వారం రోజుకు నాలుగైదు సార్లు. పిల్ల నిలబడి ఉండగానే పట్టాలి. వెల్లకిలా పడుకోబెట్టి పట్టవద్దు. సీసా, రబ్బరు చన్ను ప్రతిసారీ వేడినీళ్ళతో కడగాలి.

గంప కింద పిల్ల

తల్లి మేతకు పోయినప్పుడు పిల్లలను గంప కింద మూస్తాం. కుక్క నుంచి, గద్ద నుంచి అది మంచి రక్షణే. అయితే గంప కింద నేల తడిగా ఉంటే అదే పిల్లకు చావు. పొడి గడ్డి వెయ్యాలి. రోజూ మార్చాలి. ఒక గంప కింద ఆరేడు పిల్లలను కుక్కవద్దు. ఊపిరాడదు. జబ్బు ఒకదాని నుంచి ఒకదానికి అంటుతుంది.

మన దగ్గర వెదురుకు కొదవ లేదు. నేలకు రెండు అడుగుల ఎత్తున వెదురు మంచె కడితే ఉచ్చ, పెంటికలు సందుల్లోంచి కింద పడతాయి. పైన పిల్లలు పొడిగా ఉంటాయి. సందులు మాత్రం పిల్ల కాలు ఇరుక్కోనంత సన్నగా ఉండాలి.

రెండు వారాలు దాటినాక లేత ఆకు కట్ట ఒకటి పిల్ల నోటికి అందేటట్టు వేలాడదియ్యండి. కొరుకుతుంది. కొరికే కొద్దీ దాని కడుపు మేతకు అలవాటు పడుతుంది. మంచినీళ్ళు పెట్టండి. మూడు నెలలు వచ్చేదాకా తల్లి పాలు పూర్తిగా మాన్పించవద్దు.

పిల్ల పారుకుంటే పాలు ఆపవద్దు. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టండి. మన పిల్లలకు పట్టేదే. మరుసటి రోజుకు తగ్గకపోయినా, నెత్తురు పడినా డాక్టరుకు చూపించండి.

గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం, చర్ల, బూర్గంపాడు వైపు ఉండే అక్కలకు ఇంకో మాట. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీళ్ళు 71 అడుగులు దాటాయి. అది మీరు మరిచిపోలేదు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. మూడోదాకా ఆగితే పెద్ద మేక ఈదుతుందేమో గానీ పసిపిల్ల ఈదదు. మొదటి హెచ్చరిక వినగానే చూడి మేకలను, చిన్న పిల్లలను మెరకకు చేర్చండి.

టీకాలు, నట్టల మందు

పారుడు రోగం గురించి మీకు తెలుసు. దాన్ని పీపీఆర్ అంటారు. జ్వరం, ముక్కు కారడం, నోట్లో పుండ్లు, పారుడు. మంద మందే పోతుంది. మన దేశంలో దీన్ని మొదట 1987లో తమిళనాడులో గుర్తించారు. దీనికి మంచి టీకా ఉంది. పిల్లకు మూడు నాలుగు నెలలు నిండినాక ఒక్కసారి వేస్తే మూడేళ్ళు కాపాడుతుంది. పశుసంవర్ధక శాఖ వాళ్ళు డబ్బు తీసుకోకుండా వేస్తారు.

చిటుకు రోగం వస్తే బాగున్న పిల్ల పొద్దుటికి చచ్చి ఉంటుంది. మందు వేసే వ్యవధి ఉండదు. దీనికి టీకాను తల్లికి ఈనడానికి నెల ముందే వేయిస్తే, ఆ రక్షణ ముర్రుపాల గుండా పిల్లకు దిగుతుంది. చూశారా, మళ్ళీ ముర్రుపాల దగ్గరికే వచ్చాం!

నట్టల మందు రెండు మూడు నెలల వయసులో మొదలు పెడతారు. ఎంత వెయ్యాలో పిల్ల బరువును బట్టి ఉంటుంది. పశువుల డాక్టరునో, పశుమిత్రనో అడిగి వెయ్యండి. ఆసుపత్రి దూరమైతే ఫోనులో 1962 నొక్కండి. పశువుల కోసం పెట్టిన నంబరు అది. తెలంగాణలోనూ ఉంది, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉంది.

మన జాగ్రత్త

మేక బాగుండాలి, మనమూ బాగుండాలి. మేక ఈసుకుపోయినప్పుడు ఆ పిండాన్ని, మాయను ఒట్టి చేత్తో తాకవద్దు. కొన్ని రోగాలు మేక నుంచి మనిషికి అంటుతాయి. నెలల తరబడి జ్వరం, కీళ్ళ నొప్పులు వస్తాయి. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు మేక ఈత దగ్గరికి అసలే పోవద్దు. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, మాయను లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చండి. కుక్కలకు వెయ్యవద్దు. తర్వాత సబ్బుతో చేతులు కడగండి. పాలు కాచే తాగండి.

రాసి పెట్టుకుందాం

"ఇన్ని సంగతులు ఎట్లా గుర్తుంటాయి?" అంటారు. అందుకేగా రాయడం నేర్చుకున్నాం! నోటుబుక్కులో ఒక పేజీ మేకకు ఇవ్వండి. ఇట్లా రాయండి.

మేక గుర్తు: నల్ల చెవుల మేక
పోతుకు కట్టిన తేదీ: జూన్ 1
ఈనవలసిన తేదీ: అక్టోబరు 29
ఈనిన తేదీ:
పిల్లలు ఎన్ని:
ముర్రుపాలు ఎన్ని గంటలకు తాగింది:
టీకా వేసిన తేదీ:
బతికినవి ఎన్ని:

నోటుబుక్కు లేకపోతే గోడ మీద బొగ్గుతో రాయండి. ఏడాది తిరిగేసరికి ఏ మేక మంచి తల్లో, ఏ నెలలో పిల్లలు ఎక్కువ పోతున్నాయో ఆ రాతే చెబుతుంది. డాక్టరు వచ్చి "టీకా ఎప్పుడు వేయించావమ్మా?" అని అడిగితే, "ఉగాదికి ముందో వెనకో" అని తడుముకోనక్కర లేదు. తేదీ చదివి చెప్పవచ్చు. బేరగాడు వచ్చి వయసు తక్కువ చేసి చెబితే, పేజీ తీసి చూపించవచ్చు.

అక్కలారా, మళ్ళీ ఒక్కసారి చెప్పుకుందాం. ఊపిరి, బొడ్డు, ముర్రుపాలు. మూడు పనులు, ఒక గంట. దానికి కావలసినవి ఒక పొడి గోనెపట్టా, ఒక కొత్త బ్లేడు, కాస్త దారం, ఒక అయోడిన్ సీసా. వీటిని చిన్న సంచిలో వేసి మేకల పాక చూరుకు వేలాడదియ్యండి. ఇవాళ ఇంటికి పోయి, ఎవరి మేక చూడితో ఉందో వాళ్ళు ఆ తేదీ లెక్క కట్టి రాసుకు రండి. రేపు అందరం చదువుకుందాం.

సెలవు.

చదివి చెప్పుకోండి

1. మేకపిల్ల ముర్రుపాలు ఎంతసేపటి లోపల తాగాలి? ఎందుకు?
2. బొడ్డు కోసిన చోట ఏం రాయాలి? ఏవి పెట్టకూడదు?
3. పిల్ల చల్లబడితే ముందు ఏం చెయ్యాలి?
4. మేకను ఆగస్టు 10న పోతుకు కట్టారు. ఎప్పుడు ఈనుతుంది? లెక్క కట్టి రాయండి.
5. మీ ఊళ్ళో పిల్లలు ఎక్కువగా ఏ నెలలో పోతున్నాయి? ఎందుకో అందరూ కలిసి మాట్లాడుకోండి.